గొలుసు వ్యాపారం పోయినా మిగిలే అప్పులు: ఏది ముందు తీర్చాలి?

సంపాదక మహాశయులకు నమస్కారాలు.

ఒకరి కింద ఒకరిని చేర్చుకుంటూ సరుకు అమ్మించే గొలుసుకట్టు వ్యాపారాల మీద పోలీసు కేసులు, నిర్వాహకుల అరెస్టులు, బాధితుల ఆందోళనల వార్తలు మీ పత్రికలో తరచూ చదువుతున్నాము. కంపెనీ మీద కేసు నమోదైన తరువాత, లేదా కేసేదీ లేకుండానే వ్యాపారం చప్పబడిపోయిన తరువాత, అందులో చేరిన కుటుంబం తన పేరున మిగిలిన అప్పులను ఎలా తీర్చుకోవాలన్న విషయం మీద మాత్రం చర్చ జరగడం లేదు. గ్రామీణ బ్యాంకులో పనిచేసి ఉద్యోగ విరమణ పొందిన నేను, తెనాలి పరిసరాల్లో ఇలాంటి కుటుంబాలు కొన్ని లెక్కలు వేసుకునేటప్పుడు వారి పక్కన కూర్చున్నాను. ఈ అప్పులు ఏళ్ల తరబడి తీరకపోవడానికి ఆదాయం చాలకపోవడం ఒక్కటే కారణమని నేను అనుకోవడం లేదు. గట్టిగా అడిగినవారికి, పరువు పోతుందని భయపడినచోట ముందు చెల్లిస్తూ, ఎక్కువ వడ్డీ లాగుతున్న అప్పును చివరికి వదిలేయడమే వారిని ఎక్కువగా ముంచుతోంది.

ఈ వ్యాపారంలో అప్పు ఒక్కసారిగా పుట్టదు. చేరేటప్పుడు కొనే సరుకుకు ఇంట్లో ఉన్న డబ్బో, డ్వాక్రా సంఘంలో తీసుకున్న రుణమో సరిపోతుంది. ఆ తరువాత ఐడీ, అంటే కంపెనీలో తమ సభ్యత్వ ఖాతా, యాక్టివ్‌గా ఉండాలన్నా, పై ర్యాంకు దక్కాలన్నా నెలనెలా ఇన్ని పాయింట్ల సరుకు కదిలినట్టు లెక్క చూపాలి. నెలాఖరు దగ్గరపడేకొద్దీ అప్‌లైన్ నుంచి, అంటే తమను చేర్పించిన పైవారి నుంచి, ఫోన్లు పెరుగుతాయి. కొనేవారు దొరకనప్పుడు చేరినవారే సొంత క్రెడిట్ కార్డు మీద ఆ సరుకు కొని ఇంట్లో పెట్టుకుంటారు. కమీషన్ పేరుతో అందులో కొంత తిరిగి వస్తుంది కనుక అది అమ్మకమేనని మనసారా నమ్ముతారు. హైదరాబాదులోనో బెంగళూరులోనో జరిగే సెమినార్లకు టిక్కెట్లు, బస, బట్టలు, కింద చేర్చవలసిన వారికి కాఫీ టిఫిన్ల ఖర్చు వేరే ఉంటాయి. వ్యాపారం మానేద్దామనుకునే నాటికి నాలుగైదు చోట్ల బాకీ తేలుతుంది.

నేను చూసిన ఒక ఇంట్లో, ప్రైవేటు పాఠశాలలో పాఠాలు చెప్పే భర్త, ఇంటి వద్ద జాకెట్లు కుట్టే భార్య కలిసి చేరారు. వెనుక గదిలో ప్రొటీన్ పొడి డబ్బాలు, టూత్‌పేస్టు పెట్టెలు నిలువెత్తున పేర్చి ఉన్నాయి. కొన్ని డబ్బాల మీద గడువు తేదీ అప్పటికే దాటిపోయింది. అప్పులన్నీ ఒకే కాగితం మీద రాయమన్నప్పుడు, భర్త రాసిన చిట్టాలో రెండు క్రెడిట్ కార్డులు, ఒక పర్సనల్ లోను, తోటి ఉపాధ్యాయుడి దగ్గర తీసుకున్న చేబదులు ఉన్నాయి. భార్య కొంతసేపు ఊరుకుని, పెన్ను అందుకుని, ఆ చిట్టా కింద పుట్టింటివారు పెట్టిన గొలుసు తాకట్టులో ఉన్న సంగతి, ఎదురింటివారి దగ్గర ఐదు రూపాయల వడ్డీకి తెచ్చిన 50 వేలు, సంఘం రుణం రాసింది. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరికి తెలియకుండా మరొకరు వడ్డీలు కడుతున్నారు. ఇది ఆ ఇంటికే పరిమితమైన విషయం కాదు. కాబట్టి ఎవరు సలహా అడిగినా నేను మొదట చెప్పేది ఒక్కటే: ఎవరికి ఎంత ఇవ్వాలి, ఏ వడ్డీకి, దేని హామీ మీద అన్నది భార్యాభర్తలు ఒకే కాగితం మీద, ఒకే పూట రాసుకోవాలి. ఆ కాగితం సిద్ధమయ్యేవరకు ఎవరికీ కొత్తగా మాట ఇవ్వకూడదు, ఒక అప్పు తీర్చడానికి మరో అప్పు తేకూడదు.

ఆ దంపతులు ప్రతి నెలా జీతం రాగానే ముందు తోటి ఉపాధ్యాయుడికి కొంత ఇస్తున్నారు, ఎందుకంటే స్టాఫ్ రూములో రోజూ ఆయన ముఖం చూడాలి. నిజానికి ఆయన వడ్డీ అడగలేదు. ఎదురింటివారి 50 వేలకు మాత్రం నెలకు 2,500 వడ్డీ, ఏడాదికి 30 వేలు పోతోంది, అసలు అలాగే ఉంది. ఆ ఉపాధ్యాయుడి దగ్గరకు వెళ్లి, పరిస్థితి దాచకుండా చెప్పి, ఏడాది గడువు అడిగితే ఆయన అభ్యంతరం చెప్పలేదు. ఆయనకు ఇచ్చే డబ్బు ఎదురింటి అప్పుకు మళ్లింది.

మన వాడుకలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకుంటాము, బ్యాంకులు ఏడాదికి ఇంత శాతమని చెబుతాయి కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడం చాలామందికి అలవాటు లేదు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, ఐదు రూపాయలంటే 60 శాతం. క్రెడిట్ కార్డు మీద నెలకు మూడున్నర శాతం పడితే అది ఏడాదికి 42 శాతం, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ అదనం. లక్ష రూపాయల కార్డు బాకీకి నెలకు వడ్డీ 3,500, పన్ను 630 రూపాయలు అవుతుంది. మినిమమ్ డ్యూ, అంటే ఆ నెల కట్టవలసిన కనీస మొత్తం, అని 5 వేలు కట్టి నిశ్చింతగా ఉన్న మనిషికి అసలులో తగ్గేది 870 రూపాయలు. అదే లక్షను బ్యాంకులో బంగారం మీద ఏడాదికి 10 శాతానికి తీసుకుంటే నెల వడ్డీ సుమారు 833 రూపాయలు. కనుక ఇంట్లో నగలు ఉన్నవారు బంగారం రుణంతో కార్డు బాకీని, ఐదు రూపాయల అప్పును ముందు తీర్చివేసి, ఆ కార్డును వెంటనే రద్దు చేయించుకోవడం మేలు. కార్డు చేతిలో ఉంచుకుంటే కొన్నాళ్లకు రెండు అప్పులూ నెత్తిమీద ఉంటాయి. ఆ బంగారాన్ని రెండేళ్లలో విడిపించుకునే దారి కనబడకపోతే, కొంత అమ్మివేయడమే మంచిదని నా అభిప్రాయం. పుట్టింటి గుర్తును, ఆడపిల్ల పెళ్లికని దాచిన నగను అమ్మడానికి మనసు ఒప్పదు. ఆ బాధ చిన్నదని నేను అనను. అయితే వడ్డీ కట్టలేక చివరికి నగలన్నీ వేలానికి పోవడం కంటే, తామే బేరమాడి రెండు గాజులు అమ్ముకున్న ఇల్లు త్వరగా తేరుకోవడం నేను చూశాను.

ప్రామిసరీ నోట్ల మీద తెచ్చిన అప్పుల్లో మరో చిక్కు ఉంది. నోటుకు మూడేళ్లు కాలపరిమితి. అది దగ్గరపడగానే, అప్పటిదాకా పేరుకున్న వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాయించుకోవడం మన పల్లెల్లో పరిపాటి. బారువడ్డీగా మొదలైన అప్పు అక్కడి నుంచి చక్రవడ్డీ అవుతుంది. తిరగరాయక తప్పకపోతే అసలు ఎంతో అంతకే కొత్త నోటు రాసి, వడ్డీ బాకీకి విడిగా వాయిదాలు ఒప్పించుకోవాలి. పాత నోటు చేతికి వచ్చేదాకా కొత్త నోటు మీద సంతకం పెట్టకూడదు. మధ్యలో ఇచ్చిన ప్రతి మొత్తానికీ నోటు వెనుక తేదీ వేసి చెల్లు రాయించుకుని, ఇరువైపులా ఫోనులో ఫొటో తీసి ఉంచుకోవాలి. చెల్లు రాసిన నాటి నుంచి కాలపరిమితి మళ్లీ మొదలవుతుందని వెనకాడేవారు ఉన్నారు. అప్పు తీర్చే ఉద్దేశం ఉన్నవారికి అది నష్టం కాదు, పైగా ఇచ్చిన డబ్బుకు రుజువు ఉంటుంది. ఖాళీ నోటు మీద, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టి ఇవ్వడం మాత్రం ఎంత దగ్గరివారికైనా వద్దు. చెక్కు చెల్లకపోతే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను కింద క్రిమినల్ కేసు ఎదుర్కోవలసి వస్తుంది.

అన్నిటికంటే మనుషులను కుంగదీసేది, తాము చేర్పించిన బంధువుల డబ్బు. మరదలు, తోడికోడలు, బావమరిది, పక్కింటి పిన్నిగారు మన మాట మీద చేరి నష్టపోతారు. ఆ డబ్బు కంపెనీకి కట్టినదే అయినా, ఊళ్లో పెద్దమనుషులను కూర్చోబెట్టి చేర్పించిన మనిషి చేత మొత్తానికీ వడ్డీతో సహా నోటు రాయించిన సందర్భాలు నాకు తెలుసు. సిగ్గుతో, భయంతో వారు సంతకం పెడతారు. ఈ విషయంలో నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. ఆ బంధువు చేరినందువల్ల తమకు ముట్టిన కమీషన్ ఎంతో లెక్కగట్టి, అంతవరకు తిరిగి ఇవ్వడం న్యాయం. అది వాయిదాల మీద ఇచ్చినా ఫరవాలేదు, వడ్డీ ఉండకూడదు. అంతకు మించిన నష్టానికి ఇద్దరూ కలిసి కంపెనీ మీద ఫిర్యాదు చేయాలి. ఇంటికి వచ్చి అరిచారని మొత్తం భారం నెత్తిన వేసుకుంటే, కార్డు వడ్డీ కట్టడానికి డబ్బు మిగలదు, చివరికి ఆ బంధువుకు ఇచ్చిన మాటా నిలవదు.

ఫిర్యాదుకు ఆధారాలు ఉన్నాయి. వస్తువులను నేరుగా ఇంటికి తెచ్చి అమ్ముకోవడం నేరం కాదు. మనుషులను చేర్చినందుకు డబ్బు వచ్చే గొలుసు పద్ధతిని 1978 నాటి ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం అనుమతించదు. ఒక ప్రముఖ కంపెనీ పథకం ఆ చట్టం పరిధిలోకి వస్తుందని 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. చేరిక రుసుము వసూలు చేయరాదని, నిర్ణీత గడువులోగా ఒప్పందం రద్దు చేసుకునే వీలు ఉండాలని, అమ్మకానికి పనికివచ్చే స్థితిలో ఉన్న మిగులు సరుకును కంపెనీ తిరిగి కొనాలని కేంద్రం 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2021 డిసెంబరులో వినియోగదారుల రక్షణ చట్టం కింద వచ్చిన నిబంధనలు పిరమిడ్ పథకాలను నిషేధించి, ప్రతి కంపెనీలో ఫిర్యాదులు స్వీకరించే అధికారి ఉండాలని చెప్పాయి. కాబట్టి వెనుక గదిలో ఉన్న సరుకును బిల్లులతో సరిచూసి, గడువు తేదీలతో జాబితా రాసి, వెంటనే రాతపూర్వకంగా వాపసు కోరాలి. స్పందన లేకపోతే 1915 నంబరులో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి చెప్పాలి. పైన చెప్పిన ఇంటివారికి గడువు దాటని పెట్టెలకు కొంత కోతతో డబ్బు వచ్చింది. ఏడాది ముందే అడిగి ఉంటే చాలా సరుకుకు వచ్చేది.

బ్యాంకుల విషయంలో భయం కంటే తెలివిడి అవసరం. రికవరీ ఏజెంట్లు ఉదయం 8 గంటల లోపు, రాత్రి 7 గంటల తరువాత ఫోను చేయకూడదని, బంధుమిత్రులను వేధించకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో స్పష్టం చేసింది. బ్యాంకుకు రాసిన ఫిర్యాదుకు 30 రోజుల్లో సమాధానం రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు, దానికి రుసుము లేదు. బాకీ మొత్తం కట్టే శక్తి లేనివారు లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు. తగ్గించి కట్టిన ఖాతా, రుణ చరిత్ర చూపే సిబిల్ నివేదికలో సెటిల్డ్ (రాజీతో ముగిసింది) అని కనబడుతుంది, దానివల్ల కొత్త రుణం దొరకడం కష్టమవుతుంది అన్నది ముందే తెలిసి ఉండాలి. ఏ దారిలో తీర్చినా, ఇక బాకీ లేదని తెలిపే నో డ్యూ సర్టిఫికెట్ తీసుకోకుండా బ్యాంకు మెట్లు దిగకూడదు. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉందన్న సంగతి డ్వాక్రా సంఘాల్లోనే చాలామందికి తెలియదు. 15100 నంబరుకు ఫోను చేస్తే జిల్లా న్యాయసేవాధికార సంస్థ దారి చూపుతుంది. ఫొటోలు మార్చి పంపుతామని బెదిరించే లోన్ యాప్‌ల వారికి మళ్లీ డబ్బు కట్టకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి చెప్పాలి. రాత్రి నిద్ర పట్టక, బతకడం ఎందుకన్న ఆలోచన వస్తున్నవారు ఈ లేఖ చదువుతున్నట్లయితే, దయచేసి ఈ రోజే ఇంట్లో ఒకరితో మాట్లాడండి, 14416లో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ వారికి ఫోను చేయండి. వారు తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు.

ఐపీ పెట్టేస్తే, అంటే కోర్టులో దివాలా పిటిషన్ వేస్తే, సరిపోతుందని సలహా ఇచ్చేవారు మన జిల్లాల్లో ఎప్పుడూ ఉంటారు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద అది నిజంగా ఏమీ మిగలనివారికి ఉన్న రక్షణ. ఇల్లు భార్య పేరునో బావమరిది పేరునో రాసి, ఆ తరువాత కోర్టుకు వెళితే రెండేళ్ల లోపు జరిగిన అలాంటి బదిలీలను కోర్టు రద్దు చేయగలదు. నెల జీతం వస్తూ, ఐదారేళ్లలో తీర్చగలిగిన అప్పు ఉన్నవారు ఆ దారి పట్టడం నాకు సమ్మతం కాదు.

2021 నిబంధనల ప్రకారం ఈ కంపెనీల మీద పర్యవేక్షణకు ప్రతి రాష్ట్ర ప్రభుత్వం ఒక యంత్రాంగాన్ని ఏర్పాటు చేయాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు జిల్లా స్థాయిలో ఆ బాధ్యత ఏ అధికారిదో ప్రజలకు తెలిసేలా ప్రకటించాలని కోరుతున్నాను. వ్యాపారం పూర్తిగా మానేసి, అప్పుల చిట్టా మొత్తం చూపిన కుటుంబానికి అధిక వడ్డీ అప్పులన్నిటినీ కలిపి నిర్ణీత కాలంలో వాయిదాల మీద తీర్చే ఒకే టర్మ్ లోనుగా మార్చే ఏర్పాటును జిల్లా బ్యాంకర్ల సమావేశాల్లో చర్చించాలి. సంఘం రుణం ఒకరు కట్టకపోతే గడువులోపు చెల్లించినవారికి వచ్చే సున్నా వడ్డీ రాయితీ మిగిలిన సభ్యులకూ అందకుండా పోయే ప్రమాదం ఉంది కనుక, గ్రామ సంఘాలు కూడా తమ సభ్యులు ఏ కంపెనీలో డబ్బు పెడుతున్నారో నెలవారీ సమావేశంలో అడిగి తెలుసుకోవాలి. మీ పత్రిక జిల్లా సంచికల్లో న్యాయసేవాధికార సంస్థ, జిల్లా వినియోగదారుల కమిషన్ కార్యాలయాల చిరునామాలను, వచ్చే లోక్ అదాలత్ తేదీని అచ్చువేస్తే అవి అవసరమైనవారి చేతికి చేరుతాయి.

భవదీయుడు,
విశ్రాంత గ్రామీణ బ్యాంకు అధికారి,
తెనాలి