మీ పచ్చ సీసా బీర్‌కి నేనే రెండు మార్కులేసిన, దాని గురించే ఈ కంప్లయింట్

కస్టమర్ కేర్ వాళ్ళకి నమస్తే,

పోయిన వారం మెయిల్ పెడితే మీ దగ్గర్నుంచి రెండు లైన్ల జవాబొచ్చింది, బీర్‌లో సహజమైన పదార్థాలుంటయి కాబట్టి రుచిలో కొంచెం తేడా రావొచ్చు, చల్లటి పొడి చోట పెట్టుకోండి అని. నేను రాసింది చదివినట్టు లేరు, అందుకే మళ్ళీ మొదట్నుంచి రాస్తున్న, పొడుగైతే ఏమనుకోకండి.

మేం ఐదుగురం, ఇంటర్ దోస్తులం. నెలకో శనివారం మల్కాజ్‌గిరిలో మా ఇంటి డాబా మీద కూర్చుంటం. ఊరికే తాగుడు కాదండీ, దానికో పద్ధతుంది. మా బామ్మర్ది తాగడు, బజ్జీల కోసమే వస్తడు, వాడే కింద కిచెన్‌లో గ్లాసుల్లో పోసి నంబర్లేసి పైకి తెస్తడు, ఏ గ్లాసులో ఏముందో వాడికి తప్ప ఎవ్వరికీ తెల్వదు. ముందు లాగర్లు, అంటే మామూలు పసుపు రంగు బీర్లు, తర్వాత గోధుమ బీర్, నల్లటి స్టౌట్ ఆఖరికి, ఎందుకంటే అది తాగినంక లాగర్ పోస్తే నీళ్ళే. మార్కులేసేదాకా మిర్చి బజ్జీ ముట్టొద్దు, ఉడకబెట్టిన పల్లీలే గతి. మార్కులు కరెంటు బిల్లు వెనకాల.

ఒక్కొక్కడిది ఒక్కో పిచ్చి. గుంటూరోడికి స్ట్రాంగ్ తప్ప ఏదీ బీర్ కాదు, "ఆ మాత్రం దానికి మజ్జిగ తాగొచ్చుగా రా" అంటాడు. ఇంకోడు జూబ్లీహిల్స్ మైక్రోబ్రూవరీల్లో జీతమంతా పోసి గోధుమ బీర్‌లో అరటిపండు వాసన, లవంగం వాసన పట్టుడు నేర్చుకున్నడు, పండు పిసికి వేసిన్రా అని మేం ఆడుకునేది, అదంతా ఈస్ట్ చేసే పనంట. నేను మీ పార్టీ. ఎన్నేళ్ళ నుంచో మీ లాగర్ మీద మాట పడనియ్యలే, ఒకసారి దాని మీద గుంటూరోడితో మూడు రోజులు మాటల్లేవు కూడా.

ఇగ ఈసారి సంగతి. నాలుగో నంబర్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టంగనే తల వెనక్కి తీసుకున్న. కుళ్ళిన ఉల్లిగడ్డ, దాని వెనకాల కాలిన రబ్బర్. బిల్లు మీద "2/10, ఇది తెచ్చినోడెవడు" అని నా చేత్తోనే రాసిన. తెచ్చింది నేనే, అది మీ పచ్చ సీసా. రెండో నంబర్‌కి ఎనిమిదిచ్చిన, అది మీ క్యాన్. అదే పేరు, అదే బీర్, సీసా మీది తేదీకి క్యాన్ మీది తేదీకి పది రోజులు కూడా తేడా లేదు. వాళ్ళు నవ్విన నవ్వుకి కింద పోర్షన్ ఆంటీ లైటేసి చూసింది.

మీకు తెల్వని ముచ్చటేం కాదిది. హాప్స్‌తో, అంటే బీర్‌లో వేసే పూలతో, వచ్చే చేదు మీద వెలుతురు పడితే గంధకం లాంటి వాసన పుడతది, ఇంగ్లీషోళ్ళు దాన్ని స్కంక్ అనే జంతువు వాసనతో పోలుస్తరు, మనకా జంతువు లేదు కాబట్టి ఉల్లిగడ్డనే అనుకోండి. బ్రౌన్ గాజు ఆ వెలుతుర్ని చాలావరకు ఆపుతది, పచ్చ గాజు అంత ఆపదు, క్యాన్‌లోకి వెలుతురే పోదు. మర్నాడు షాపుకి పోయి చూస్తే మీ సీసాలు అద్దాల ఫ్రిజ్‌లో పై వరసల, నెత్తి మీద ట్యూబ్‌లైట్, షాపు పడమర ముఖం కాబట్టి సాయంత్రం ఎండ సీదా వాటి మీదనే. ఇదేందన్నా అంటే "చల్లగుందా లేదా అది చెప్పు" అన్నడు. చల్లగనే ఉంది, చల్లదనానికి వెలుతురుకి ఏం సంబంధం?

సరుకు గవర్నమెంట్ డిపో మీదుగా షాపుకి పోతది, షాపోడు మా మనిషి కాదు అని మీరు అనొచ్చు. ఒప్పుకుంట. కానీ పచ్చ సీసా ఎంచుకున్నది షాపోడు కాదు గదా, చూడనీకి మంచిగుంటదని మీరే ఎంచుకున్నరు, అసొంటప్పుడు ఆ వాసన కూడా మీదే.

రెండు సీసాలు కొన్న, యూపీఐ స్క్రీన్‌షాట్ జత చేసిన, షాపుల బిల్లియ్యరు కాబట్టి బిల్లు అడగకండి. ఆ పైసలు వాపస్ ఇయ్యండి. బ్రౌన్ సీసాకి మారతరా, లేకుంటే కనీసం మూసిన అట్టపెట్టెలో పెట్టి అమ్మమని షాపులకి చెప్తరా, సూటిగా రాయండి, మళ్ళీ ఆ సహజ పదార్థాల కథ వద్దు. రెండో సీసా మూత తీయలే, పేపర్ చుట్టి ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనకాల దాచిన, ఎవరినన్న పంపి తీస్కపోయి టెస్ట్ చేయించుకోండి. ఆదివారం మా అత్తగారొస్తున్నరు, శనివారం లోపల అయితే మంచిది.

ఇట్లు,
మీ పాత కస్టమర్, మల్కాజ్‌గిరి