లెఫ్ట్ అంటే ఏ లెఫ్టు?

తిరుపతి, బైరాగిపట్టెడ
ఆదివారం సాయంత్రం

చి. శైలజకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అవ్వ మోకాలు ఎప్పటి మాదిరే. మేడ మీద నీళ్ల ట్యాంకు మధ్యాహ్నానికే కాగిపోతా ఉంది, ఎండలు ఇంకా తగ్గలేదు. ప్రసాదు సంబంధం సంగతి పెద్దమ్మ మళ్లీ ఎత్తింది, దాని జోలికి నేను పోను. నీ ఫోను స్విచాఫ్ వస్తా ఉంది. చార్జరు పాడైందేమో అంటుంది మీ అమ్మ. నేనేమీ అనుకోవడం లేదు. ఈ ఉత్తరం దానికోసం కాదు. బ్యాంకు పరీక్ష ప్రిలిమ్స్ దగ్గర పడుతోంది, ఇంగ్లీషులో నువ్వు మార్కులు పారేసుకునే చోటు ఒకటుంది, దాని గురించి కుదురుగా రాద్దామని కూర్చున్నాను.

మొన్న అమ్మ మీ రూమ్మేటుకు మెసేజ్ పెట్టింది. ఆ పిల్ల 'షి లెఫ్ట్ ఆంటీ' అని కొట్టి ఊరుకుంది. మంచి పిల్లే, తప్పు పట్టడం లేదు. కానీ ఇంగ్లీషు చెప్పి బతికిన ఇంట్లో అట్లాంటి వాక్యం వచ్చి పడితే ఊరికే ఉండలేం గదా. లెఫ్ట్ అనేది లీవ్‌కు పాస్ట్ టెన్సు, పాస్ట్ పార్టిసిపుల్ కూడా అదే. 'షి లెఫ్ట్ ది హాస్టల్' అంటే హాస్టల్ ఖాళీ చేసిందని కావచ్చు, క్లాసుకు పోవడానికి గేటు దాటిందని కావచ్చు. 'షి లెఫ్ట్ ది కోచింగ్' అంటే మానేసింది. 'షి లెఫ్ట్ హైదరాబాద్' అంటే ఆ ఊరి నుంచి బయల్దేరింది. మధ్యలో 'ఫర్' ఒకటి పెట్టి 'లెఫ్ట్ ఫర్ హైదరాబాద్' అను, ఆ ఊరికే బయల్దేరినట్టు అవుతుంది. ఒక్క ప్రిపొజిషను రైలును వెనక్కి తిప్పేస్తుంది. ఇక 'షి ఈజ్ లెఫ్ట్' అంటే మిగిలిపోయింది అని. వెళ్లిపోవడమూ మిగిలిపోవడమూ రెండూ ఒకే మాటలో ఉన్నాయి చూడు.

టెన్సు కూడా గమనించు. 'షి హాజ్ లెఫ్ట్' అంటే వెళ్లింది, ఇప్పుడు అక్కడ లేదు. ఎప్పుడు అనేది చెప్పాలంటే 'హాజ్' తీసేసి 'షి లెఫ్ట్ ఎట్ ఫైవ్' అనాలి. 'హాజ్ లెఫ్ట్ ఎట్ ఫైవ్' అని ఎర్రర్ స్పాటింగ్‌లో, అంటే వాక్యంలో తప్పు ముక్క పట్టే ప్రశ్నలో, కనబడితే కళ్లు మూసుకుని ఆ ముక్కను గుర్తు పెట్టు. ఆ పిల్ల టైమూ చెప్పలేదు, ఊరూ చెప్పలేదు.

ఎడమ చెయ్యి అనే లెఫ్టుకూ దీనికీ చుట్టరికం లేదు. అది బలహీనం అనే అర్థమున్న పాత ఇంగ్లీషు మాట. సెలవు అనే లీవ్ కూడా వేరే, దాని అసలు అర్థం అనుమతి. లీవ్ లెటర్ అంటే అనుమతి అడిగే ఉత్తరమే. పుట్టుకలు వేరైన మాటలను డిక్షనరీలో విడివిడిగా ఇచ్చి, నెత్తిన చిన్న అంకె వేస్తారు. ఒకే మాటకు అర్థాలు పెరిగితే ఒకే ఎంట్రీ కింద 1, 2, 3 అని వరసగా ఇస్తారు. స్వర్ణముఖి బ్యాంక్ అంటే ఒడ్డు, అదొక ఎంట్రీ. నువ్వు రాస్తున్న పరీక్ష బ్యాంకు ఇంకో ఎంట్రీ, అది ఇటాలియన్‌లో డబ్బు మార్చేవాళ్ల బల్ల. ఇంకొకటి, ఆక్స్‌ఫర్డ్ పెద్ద డిక్షనరీలో అర్థాలు పుట్టిన కాలం ప్రకారం ఉంటాయి, ముందుండేది పాతది. లెర్నర్స్ డిక్షనరీలో ఎక్కువ వాడేది ముందుంటుంది. నువ్వు ఫోనులో ఏదో ఒకటి తెరిచి, మొదటి అర్థం చదివి మూసేస్తావు. నీ జబ్బు అదే. ఎన్నిసార్లు చెప్పినా వినవు.

ఆ పెద్ద డిక్షనరీ 1989లో రెండో ఎడిషన్ వచ్చినప్పుడు 20 సంపుటాలు. అందులో అన్నిటికంటే పొడుగు ఎంట్రీ ఏదనుకున్నావు? 'సెట్'. దాని క్రియకు 430 అర్థాలు, వివరణ 60,000 మాటల దాకా పోయింది. తర్వాత తిరగరాస్తుంటే 'రన్' దాన్ని దాటేసింది, క్రియకే 645 అర్థాలని 2011లో వార్తల్లో వచ్చింది. రెండూ మూడక్షరాల మాటలే. నువ్వేమో 'యుబిక్విటస్', 'పెర్ఫంక్టరీ' అని గోడకు కాగితాలు అంటించుకుంటావు. పెద్ద మాటకు అర్థాలు ఒకటో రెండో, బట్టీ పడితే వస్తాయి. ముంచేవి చిన్నవే.

పాకాల మామ ఇంట్లో జరిగింది నీకు పూర్తిగా తెలియదు. మామిడి తోట మీద లోను తీసుకున్నాడు గదా, దాని తాలూకు ఇంగ్లీషులో ఒక కాగితం వచ్చింది. మనవడు తొమ్మిదో తరగతి, ఇంగ్లీషు మీడియం. చదవరా అంటే గడగడా చదివి అర్థం కూడా చెప్పినాడు. "ఔట్‌స్టాండింగ్ అమౌంట్ అని రాసినారు తాతా, అంటే చానా గొప్ప అమౌంటు. నీ ఇంట్రెస్ట్ గురించి కూడా ఉంది, నీకు ఆసక్తి ఎక్కువని. ప్రిన్సిపల్ కూడా ఉన్నాడు." వాళ్ల స్కూల్లో ప్రోగ్రెస్ కార్డు మీద ఔట్‌స్టాండింగ్ అని రాయించుకున్న పిల్లోళ్లకు చప్పట్లు కొట్టిస్తారంట. ఇంకేముంది, మామ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని టీ అంగడి కాడ నలుగురికీ చూపించినాడు, బ్యాంకోళ్లు మెచ్చుకుని రాసినారని. అత్త ఒక్కతే "మెచ్చుకోవడానికి ఎవురన్నా రిజిస్టరు పోస్టు చేస్తారా" అనిందంట. ఆమె మాట ఆ ఇంట్లో ఎవరు విన్నారు గనుక.

రెండో కాగితం వచ్చింది. దాంట్లో 'ఫెయిలింగ్ విచ్' అని ఉంది. "ఎవురో ఫెయిలైనారంట" అన్నాడు మనవడు. ఎవరో ఫెయిలైతే మనకేమని దాన్నీ మడిచి పెట్టేసినాడు మామ. అంతలో తోతాపురి కాయ ఫ్యాక్టరీకి తోలినాడు, డబ్బు చేతికొచ్చింది, అల్లుడికి బండి కొనిచ్చినాడు. ఆ తర్వాత బ్యాంకు నుంచి మనిషే వచ్చి కూర్చుని విడమరిచి చెప్పినాడు: ఔట్‌స్టాండింగ్ అంటే కట్టకుండా నిలిచిపోయిన బాకీ, ఇంట్రెస్ట్ అంటే వడ్డీ, ప్రిన్సిపల్ అంటే అసలు, ఫెయిలింగ్ విచ్ అంటే 'అట్ల కట్టకపోతే'. అపరాధ వడ్డీ ఎంత పడిందో మామ ఈ రోజుకూ ఎవరికీ చెప్పడు. బండి మాత్రం అల్లుడు తిప్పుతున్నాడు.

పిల్లోడు చెప్పిన అర్థాలు డిక్షనరీలో లేనివేం కాదు. 'స్టూడెంట్' పక్కనుంటే ఔట్‌స్టాండింగ్ మెచ్చుకోలు, 'అమౌంట్', 'డ్యూస్', 'బిల్' పక్కనుంటే బాకీ. వాడు మాటను చూసినాడు గానీ దాని ఇరుగుపొరుగును చూడలేదు.

పాకాల అంటే గుర్తొచ్చింది. మామ తమ్ముడు మొన్న శనివారం రేణిగుంట స్టేషన్లో "మన శైలజ మాదిరే ఒక పిల్లను చూసినా" అన్నాడంట. ఆయనకు ఇంకా కంటి ఆపరేషను కాలేదు కాబట్టి నేను లెక్కలోకి తీసుకోలేదు. రేణిగుంటలో దిగిన పిల్ల పది కిలోమీటర్ల దూరంలో ఇల్లు పెట్టుకుని యాడికి పోతుంది? అమ్మకు మాత్రం ఆ మాట పట్టుకుంది.

సరే, పద్ధతి చెప్తాను. తెలిసిన మాట అనిపించినప్పుడే దాని మీద వేలు పెట్టి మూసేయి. ఆ ఖాళీలో ఎలాంటి మాట పడుతుందో ముందు తేల్చు. ముందర 'ఎ', 'ది' ఉండి వెనక ఇంకో నామవాచకం లేకపోతే నౌను. ఉంటే ఇది దానికి విశేషణం. ముందర 'విల్', 'కెన్' ఉంటే క్రియ. 'టు' ఉంటే మాత్రం తొందరపడకు, దాని సంగతి కింద రాస్తాను. వెనక ఒట్టి నామవాచకం వచ్చి దేనికో ముడి పెడితే ప్రిపొజిషను, పూర్తి వాక్యం వస్తే కంజంక్షను. 'రౌండ్' పెట్టి సరిచూసుకో. 'ఎ రౌండ్ టేబుల్'లో విశేషణం, 'ది సెకండ్ రౌండ్'లో నౌను, 'రౌండ్ ది కార్నర్'లో ప్రిపొజిషను, 'షి టర్న్‌డ్ రౌండ్'లో క్రియా విశేషణం, పైసలు వదిలేసి 'రౌండ్ ది ఫిగర్' అన్నప్పుడు క్రియ. మాట ఒక్క అక్షరం మారలేదు.

'బట్' అంటే 'కానీ' అని ఒక్కటే అనుకుంటే 'ఆల్ బట్ వన్' దగ్గర దెబ్బ తింటావు. ఒకరు తప్ప అందరూ అని అర్థం. 'నథింగ్ బట్ ట్రబుల్' అంటే అంతా ఇబ్బందే, 'ఎనీథింగ్ బట్ ఈజీ' అంటే ఏమాత్రం సులువు కాదు. ఈ రెండిటినీ తారుమారు చేసి ఇస్తారు, జాగ్రత్త.

'లీ' చేరగానే అర్థం కొనసాగుతుందనుకోవద్దు. 'షి వర్క్స్ హార్డ్' అంటే కష్టపడుతుంది, 'షి హార్డ్లీ వర్క్స్' అంటే పని చేసేదే తక్కువ. 'షి ఆన్సర్స్ లేట్' అంటే ఆలస్యంగానైనా జవాబిస్తుంది. 'షి హాజ్ నాట్ ఆన్సర్డ్ లేట్లీ' అంటే ఈమధ్య జవాబే లేదు.

మన తెలుగువాళ్లందరూ పడే గుంట 'సిన్స్'. మనకు 'సోమవారం నుంచి' అన్నా, 'రెండు రోజుల నుంచి' అన్నా ఒకటే 'నుంచి'. వాళ్లకు మొదలైన చోటు చెప్తే 'సిన్స్', ఎంతసేపో చెప్తే 'ఫర్'. 'షి ఈజ్ నాట్ వెల్ సిన్స్ టూ డేస్' అనే వాక్యంలో రెండు తప్పులున్నాయి: 'హాజ్ నాట్ బీన్ వెల్' కావాలి, 'ఫర్ టూ డేస్' కావాలి. ఇక్కడ 'వెల్' విశేషణం, 'షి సింగ్స్ వెల్'లో క్రియా విశేషణం, నీళ్లు తోడుకునే 'వెల్' వేరే. 'సిన్స్'కు 'కాబట్టి' అనే అర్థం కూడా ఉంది, అప్పుడు ఈ టెన్సు కట్టుబాటు లేదు: 'సిన్స్ షి వజ్ అన్‌వెల్, షి కేమ్ హోమ్'. ఒళ్లు బాగలేకపోతే అట్లే చెయ్యాలి కూడా, హాస్టల్లో మాత్ర మింగి పడుకోకూడదు.

'టు' సంగతి చెప్తానన్నాను గదా. 'ఐ యూజ్డ్ టు కాల్' అంటే ఒకప్పుడు చేసేదాన్ని, ఇప్పుడు చెయ్యను. 'ఐయామ్ యూజ్డ్ టు కాలింగ్' అంటే అలవాటైంది. ఇక్కడ 'టు' ప్రిపొజిషను కాబట్టి వెనక 'ఇంగ్' రావాలి, 'లుక్ ఫార్వర్డ్ టు' కూడా ఇదే జాతి. మూడోది 'దిస్ కీ ఈజ్ యూజ్డ్ టు ఓపెన్ ది లాక్', ఉపయోగిస్తారు అనే పాసివ్, దాని వెనక మళ్లీ మామూలు క్రియే.

ఒక మాట ఇచ్చి, మూడు వాక్యాలిచ్చి, ఏయే వాక్యాల్లో సరిగ్గా వాడినారని అడిగే ప్రశ్నకు బ్యాంకు మాటలే పట్టుకో. 'టెండర్' ఒక్కటే చూడు: లేత కొబ్బరికాయ, కాంట్రాక్టరు వేసే టెండరు, చెల్లుబాటయ్యే నోటు, ఇంకా రాజీనామా సమర్పించడం. 'సాంక్షన్' లోనుకు మంజూరు, దేశం మీద వేస్తే ఆంక్ష. 'ఓవర్‌సైట్' అంటే పర్యవేక్షణ, చూపు జారిన పొరపాటు కూడా. 'రికార్డ్', 'పర్మిట్' లాంటివి ముందు భాగం నొక్కి పలికితే నౌను, వెనక భాగం నొక్కితే క్రియ. అది ఇంటర్వ్యూకు పనికొస్తుంది, ఇప్పుడు వదిలేయి.

రోజుకు మూడు మాటలు చాలు. మాటకొక పేజీ, పేజీకి నాలుగు గళ్లు: నౌను, క్రియ, విశేషణం, మిగతావి. గడిలో తెలుగు అర్థం రాయొద్దు, వాక్యం రాసి, అర్థాన్ని తేల్చిన పక్క మాట కింద గీత గీయి. ప్రిలిమ్స్‌లో 30 ప్రశ్నలకు 20 నిమిషాలు, తప్పుకు పావు మార్కు పోతుంది. క్లోజ్ టెస్టులో, అదే పేరాలో ఖాళీలు నింపే ప్రశ్నలో, ఆప్షన్లు చూడకముందే పేరా మొత్తం ఒకసారి చదువు. తొందరపడి మొదటి ఖాళీతో మొదలుపెడితే నాలుగో వాక్యంలో కథ అడ్డం తిరుగుతుంది. పరీక్ష పోతే పోయింది, మళ్లీ వస్తుంది. ఆ మాట అమ్మ రాయమనింది.

కోచింగు మానేసి ఉంటే మానేసినానని చెప్పు, నేను అరవను. అరిస్తే అవ్వ ఊరుకోదు.

అమ్మ చెనిక్కాయల పొడి, నువ్వుల పొడి, మాగాయ కట్టి పెట్టింది. ఊరిబిండి రెండో రోజుకే పులుస్తుంది, అందుకే వెయ్యలేదు. మాగాయ సీసా మూతకు నూనె కారుతోంది, మారుస్తున్నాను. ఉత్తరమైతే హాస్టల్ అడ్రసుకే స్పీడ్ పోస్టు వేస్తున్నాను, పార్సిలు మాత్రం ఆపి పెట్టినాను. అదే అడ్రసుకు వెయ్యాలా, వేరే అడ్రసుకా? ఎవరి ఫోను నుంచైనా సరే అడ్రసు చెప్పు, పిన్‌కోడుతో సహా.

ఇట్లు
నాన్న