చిన్నమ్మ తీసిన పాత ఫైలు

హనుమకొండ,
ఆదివారం

దోస్తు శంకరానికి,

నీ ఉత్తరం వచ్చి చాలా కాలమైంది, జవాబు లేదని కోపంగా ఉంటావు. కోప్పడు, కానీ చదవడం ఆపకు. ఇక్కడ అందరం బాగున్నాం. పెద్దదానికి ఇంటర్‌లో మంచి మార్కులొచ్చాయి, పత్తి ఫర్వాలేదు, అమ్మ మోకాళ్ల నొప్పులు అట్లాగే ఉన్నాయి. ఇల్లు సున్నాలు వేయించాం. అంతే, ఇక అసలు సంగతికి వస్తా. ఫోన్లో చెబుదామని నీ నంబరు నొక్కి కూడా పెట్టేశాను. ఇది ఫోన్లో అయ్యే ముచ్చట కాదు.

మా చిన్నాయన ఒంట్లో పారే రక్తం డీఎన్‌ఏ చిన్నాయనది కాదురా. మా బాపుది. కరోనా రెండో విడతలో పోయిన మా బాపుదే.

మొదట్నుంచి చెప్తా. డాలస్‌లో ఉన్న తమ్ముడు, అదే చిన్నాయన కొడుకు, వాడికి అక్కడ సిటిజన్‌షిప్ వచ్చింది. అమ్మానాన్నలను తీసుకుపోదామని కాగితాలు మొదలుపెట్టాడు. వాడు పుట్టింది ఊళ్లో, ఇంట్లోనే, మంత్రసాని చేతుల మీద. బర్త్ సర్టిఫికెట్ ఎన్నో ఏళ్ల తర్వాత తీసుకున్నది. దానితో పేచీ రావచ్చు, ముందే డీఎన్‌ఏ పరీక్ష చేయించి పెట్టుకోండని కాగితాలు చూసే ఆయన చెప్పాడు. దసరాకు వాడు వచ్చినప్పుడు ముగ్గురూ పోయి ఒక ల్యాబులో రక్తం ఇచ్చి వచ్చారు. ఫారం అక్కడి కుర్రాడే గబగబా నింపేసి సంతకాలు పెట్టించుకున్నాడు. ఇంతకుముందు పెద్ద ఆపరేషన్లు, మార్పిళ్లు ఏమన్నా అయ్యాయా అని నోరు తెరిచి అడిగినవాళ్లు లేరు.

రిపోర్టు వచ్చింది. తల్లి సరిపోయింది. తండ్రి కాదు.

ఆ రోజు నేను అక్కడే ఉన్నా. చిన్నమ్మ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. చిన్నాయన కళ్లద్దాలు పెట్టుకుని ఆ కాగితం చదివాడు, మళ్లీ మొదటి నుంచి చదివాడు, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని పొలానికి వెళ్లిపోయాడు. చిన్నమ్మ "ఏమొచ్చింది బిడ్డా?" అని అడిగితే తమ్ముడికి నోరు పెగల్లేదు. నేనే చెప్పాల్సి వచ్చింది. ఆమె చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉండిపోయింది. ఏడవలేదు. "గట్లనా" అని మాత్రం అన్నది.

తర్వాత ఏమైందో నువ్వు ఊహించుకోగలవు. ఇంటి గుట్టు ఎట్లా బయటికి పోయిందో తెలియదు. మేనత్త ఫోన్ చేసి "కాగితం అబద్ధం చెప్తదా?" అన్నది. అన్నీ తెలిసినట్టు ఇంకొకాయన వచ్చి, పాత విషయాలు తవ్వొద్దు, సర్దుకుపోండి అన్నాడు. ఏం సర్దుకుపోవాలి? తప్పు చేయని మనిషి దేనికి సర్దుకుపోవాలి? రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతోంది. చిన్నాయన ఆమెను పల్లెత్తు మాట అనలేదు, నిజమే. కానీ ఆమె తరఫున కూడా ఒక్క మాట అనలేదు. రాత్రిళ్లు బావి దగ్గరే పడుకునేవాడు. చిన్నమ్మ వండి పెట్టేది, సద్ది కట్టి పంపేది, ఎవరితోనూ మాట్లాడేది కాదు.

ఒక రాత్రి నన్ను పిలిపించింది. బీరువా అడుగు నుంచి ఒక పాత చీరల దుకాణం సంచి తీసింది. అందులో వెల్లూరు ఆసుపత్రి ఫైలు. 2014లో చిన్నాయనకు లుకేమియా, అదే రక్త కేన్సర్, అని తెలిసి తీసుకుపోయాం కదా, అప్పటిది. అంచులు చిరిగి, పసుపుపచ్చగా అయిపోయింది. చిన్నమ్మకు ఇంగ్లీషు రాదు, కానీ ఏ కాగితం ఎక్కడుందో తెలుసు. ముందు చేరినప్పటి కాగితం పెట్టింది: బ్లడ్ గ్రూపు బి పాజిటివ్. తర్వాత ఏడాదికి చెకప్‌కు పోయినప్పటిది పక్కన పెట్టింది: ఓ పాజిటివ్. రెండింటి మీద రెండు వేళ్లు పెట్టి అడిగింది: "రక్తం గ్రూపే మారింది గదా బిడ్డా. మరి రక్తంల ఉన్న ఆ డీఎన్‌ఏ మారదా?"

శంకరం, ఎమ్మెస్సీ జువాలజీ చదివిన మనకు తట్టాల్సిన ప్రశ్న ఏడో తరగతి చదివిన చిన్నమ్మకు తట్టింది.

అప్పుడు చిన్నాయనకు ఎముకల్లోని మూలుగ మార్పిడి చేశారు కదా, దానికి మూలకణాలు, అంటే రక్తాన్ని తయారుచేసే కణాలు, ఇచ్చింది మా బాపు. తోడబుట్టినవాళ్లలో ఒక్కొక్కరితో పూర్తిగా కలిసే అవకాశం నాలుగో వంతే, మా అదృష్టం కొద్దీ బాపుది కలిసింది. గ్రూపులు వేరైనా ఫర్వాలేదన్నారు. ఐదు రోజులు ఇంజెక్షన్లు చేసి, తర్వాత మిషన్ పక్కన పడుకోబెట్టారు. ఒక చేతి నుంచి రక్తం పోయి, మిషన్‌లో తిరిగి, రెండో చేతిలోకి వస్తోంది. రెండు చేతులూ కదపకూడదు. ముక్కు మీద దురద పెడుతోందని బాపు అంటే నేను గోకాను, నాకది బాగా గుర్తు. ఇటు చిన్నాయనకు మందులతో పాత మూలుగను పూర్తిగా చంపేసి ఈ కణాలు ఎక్కించారు. అవి తోవ వెతుక్కుని పోయి ఎముకల్లో కుదురుకున్నాయి. బాపు నారుమడిలో నారు తీసి చిన్నాయన పొలంలో నాటినట్టు. పొలం చిన్నాయనదే, పంట మాత్రం బాపుది. ఆ రోజు నుంచి చిన్నాయన ఒంట్లో తయారయ్యే రక్తమంతా బాపు డీఎన్‌ఏతోనే తయారవుతోంది. ఇట్లా ఒకే ఒంట్లో ఇద్దరి కణాలుండే మనిషినే కైమెరా అంటారు.

మరి రక్తం పరీక్ష చేస్తే కొడుకుతో ఎట్లా కలుస్తుంది? ఆ రక్తం వాడికి పెద్దనాయనది!

వెంట్రుకల కుదుళ్లు మాత్రం పాతవే ఉంటాయి, అవి మూలుగ నుంచి పుట్టేవి కావు. పాత డాక్టరు గారితో మాట్లాడి, ఆయన రాసిచ్చిన కాగితంతో వేరే ల్యాబుకు పోయి వెంట్రుకలు కుదుళ్లతో సహా పీకించి ఇచ్చాం. చెంప లోపల గీకినా లాభం లేదట, ఉమ్మిలో కూడా రక్తపు తెల్లకణాలుంటాయి, కలగాపులగం అవుతుంది. ఈసారి తండ్రీకొడుకులు సరిగ్గా కలిశారు.

రిపోర్టు కోసం ఎదురుచూసిన ఆ టెన్షన్‌లో నాకు నిద్ర పట్టక ఇదే చదువుతూ కూర్చున్నా. మీ ఇంట్లో ఆవు కవలలను ఈనింది గుర్తుందా, ఒక కోడె, ఒక పెయ్య? ఆ పెయ్య ఎన్నేళ్లైనా చూడి కట్టలేదని మీ నాయన బాధపడేవాడు. కడుపులో ఉన్నప్పుడే రెంటి రక్తనాళాలు కలిసిపోతాయట. కోడె హార్మోన్లు పెయ్య గర్భసంచిని ఎదగనీయవు. రక్తం తయారుచేసే కణాలు కూడా ఇటువి అటు, అటువి ఇటు పోయి బతికినన్నాళ్లూ ఉంటాయి. 1945లో విస్కాన్సిన్‌లో రే ఓవెన్ అనే ఆయన దీన్ని కనిపెట్టాడు. మనుషుల్లో మొదటిసారి 1953లో బయటపడింది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఒకామె రక్తదానం చేస్తే అందులో ఓ, ఏ రెండు గ్రూపులూ కనిపించాయి. నీకు కవల ఎవరైనా ఉన్నారా అని అడిగితే, తమ్ముడుండేవాడు, పసితనంలోనే పోయాడని చెప్పింది. ఇరవై ఏళ్లు దాటినా ఆ పిల్లవాడి రక్తం అక్క ఒంట్లో తిరుగుతూనే ఉంది. అది చదివి ఇక చదవలేక ఫోన్ పక్కన పెట్టేశా. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు.

ఇంకొకామె కథ చిన్నమ్మకు చదివి వినిపించాను. 2002లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో లిడియా ఫెయిర్‌చైల్డ్ అనే ఆమె ప్రభుత్వ సాయం కోసం దరఖాస్తు పెడితే, పిల్లలు నీ పిల్లలే కాదన్నారు. కన్నతల్లినిరా! మోసం కేసు అన్నారు, పిల్లలను తీసుకుపోతామన్నారు. అప్పుడామె మళ్లీ కడుపుతో ఉంది. పురుడప్పుడు కోర్టు తరఫున మనిషిని నిలబెట్టి, అప్పుడే పుట్టిన బిడ్డ రక్తం తీసి పరీక్షిస్తే, అదీ కలవలేదు! చివరికి గర్భసంచి ముఖద్వారం దగ్గరి కణాలు తీసి చూస్తే కలిసింది. తల్లి కడుపులో కవలలుగా మొదలైన రెండు పిండాలు కలిసిపోయి ఆమె ఒక్కతే పుట్టింది. రక్తంలో ఒకరు, లోపల ఇంకొకరు. చిన్నమ్మ అంతా విని, "గామెకు నేను చెప్పిన్నని చెప్పు, మంచిగ కొట్లాడింది" అన్నది.

చిన్నాయనకు విషయమంతా విడమర్చి చెప్పినప్పుడు చాలాసేపు మోచేతి నరం నొక్కి చూసుకున్నాడు. తమ్ముడైతే "అన్నా, రక్తం లెక్కన ఇప్పుడు నువ్వే మా నాయన కొడుకువి" అని నన్ను పట్టుకుని ఏడ్చాడు. అది నిజమే కదా. ఇప్పుడు నా రక్తం, చిన్నాయన రక్తం ఇస్తే తండ్రీకొడుకులనే వస్తుంది. దీని గురించి నేను ఇంకా... సర్లే, ఎదురుగా కూర్చున్నప్పుడు మాట్లాడుకుందాం.

చిన్నమ్మ మాత్రం చిన్నాయనను ఇంకా క్షమించలేదు. మేనత్త వచ్చి కాళ్లు పట్టుకున్నంత పని చేసింది, ఆమెకు చాయ్ పోసి పంపింది. చిన్నాయనతో మాత్రం, "కాగితం తప్పని తెలిసినంక మాట్లాడుడు పెద్ద గొప్ప గాదు" అన్నది. నేను ఆమె పక్షమే. నువ్వు చిన్నాయన వైపు మాట్లాడతావని తెలుసు, నీ బావి దగ్గరి స్నేహం అట్లాంటిది, కానీ ఈ ఒక్క విషయంలో మాట్లాడకు. పిల్లలను కన్న తల్లుల ఒంట్లో ఆ పిల్లల కణాలు దశాబ్దాల పాటు ఉంటాయట, 1996లోనే తేలింది, ఒకామెలో 27 ఏళ్ల తర్వాత కూడా కనిపించాయి. అది కూడా ఆమెకు చెప్దామని

ఆగు, మీ బామ్మర్ది ఫోన్. ఈ ఉత్తరం ఆయన చేతికే ఇచ్చి పంపుతున్నా, నాగపూర్ బండికి కాజీపేటలో ఎక్కుతాడట, టైమ్ అయిపోయిందని ఒకటే కేకలు. సకినాల డబ్బా కూడా ఇస్తున్నా, సగం ఆయనే తినకుండా చూసుకో. వీసా కాగితాల సంగతి మళ్లీ రాస్తా, ఈసారి మార్పిడి సంగతి మొదటి పేజీలోనే రాయించి డాక్టరు ఉత్తరం జతచేశాం

నీ సూరి