సోషల్ పీరియడ్లను సర్దుబాటు ఖాతాలో వేయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

పదో తరగతి ఫలితాల మెరుగుదలపై జరిగిన సమీక్ష వార్తను మీ జిల్లా పేజీలో చదివి వారం దాటింది. ఉపాధ్యాయ సంఘాల వారో, తల్లిదండ్రుల కమిటీల వారో స్పందిస్తారని ఇన్నాళ్లూ ఎదురుచూశాను. ఎవరూ నోరు మెదపకపోవడంతో నేనే ఈ లేఖ రాయవలసి వచ్చింది. గణితం, సైన్స్, ఆంగ్లంలో వెనుకబడిన విద్యార్థులకు అదనపు తరగతులు నిర్వహించాలని, అందుకు కావలసిన సమయాన్ని సాంఘిక శాస్త్రం, ఆటల పీరియడ్ల నుంచి సర్దుబాటు చేసుకోవాలని ఆ సమావేశంలో సూచించారట. పదో తరగతిలో ఉన్నవి ఆరు సబ్జెక్టులనీ, మిగతా వాటిలాగే సోషల్‌కూ వంద మార్కులున్నాయనీ సూచించిన వారికి గాని, విని తల ఊపి వచ్చిన ప్రధానోపాధ్యాయులకు గాని ఆ పూట గుర్తుకు రాలేదంటే నాకు చాలా బాధ కలిగింది.

నిజానికి ఇది కొత్తగా మొదలైన పద్ధతి కాదు. ఇంతకాలం చాటుగా సాగుతున్న దానికి ఇప్పుడు అధికారిక ముద్ర పడింది, అంతే. మా మనవరాలు నరసన్నపేట ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో పదో తరగతి చదువుతోంది. మొన్న ఆమె సోషల్ నోట్సు తెరిచి చూశాను. యూరప్‌లో జాతీయవాదం పాఠానికి ప్రశ్నలు, జవాబులు చక్కటి దస్తూరితో ఉన్నాయి, వాటి కింద ఎర్ర సిరాతో మాస్టారి సంతకం ఉంది. వనరుల పాఠం దగ్గరికి వచ్చేసరికి మూడో ప్రశ్న జవాబు సగంలో ఆగిపోయింది. ఆ పేజీ తిప్పితే వర్గ సమీకరణాలు! లెక్కల నోట్సు తీసుకెళ్లడం మరిచిపోయావా అని అడిగితే, "ఆ పీరియడ్‌కి ఇప్పుడు లెక్కల మాస్టారే వస్తున్నారు తాతా, అందుకే ఇందులోనే చేసేస్తున్నాం" అంది. గోడ మీది టైంటేబుల్లో మాత్రం ఆ గడిలో సోషల్ అనే ఉందట. తనిఖీకి వచ్చిన వారు టైంటేబుల్ చూసి సంతృప్తి చెందుతారే తప్ప పిల్లల నోట్సు తిప్పి చూడరు.

ఇందులో లెక్కల మాస్టారి తప్పేమీ లేదు, పైనుంచి వచ్చిన ఒత్తిడికి ఆయన తలవంచారు. సోషల్ మాస్టారిది మరో అవస్థ. ఓటర్ల జాబితా పని వచ్చినా, ఏదో ఒక సర్వే వచ్చినా, యాప్‌లో ఫొటోలు ఎక్కించాలన్నా ముందుగా గుర్తుకొచ్చేది ఆయనే, ఎందుకంటే ఆయన తరగతి పోయినా నష్టం లేదని పై నుంచి కింది దాకా అందరూ తీర్మానించుకున్నారు. పరీక్షలు దగ్గర పడ్డాక అదే మాస్టారు చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం నాలుగింటినీ కొద్ది వారాల్లో ముగించాలి. అప్పుడు పిల్లల చేతికి అందేది బిట్ బ్యాంకు, గైడు. పటంలో గుర్తించే ప్రశ్న కోసం అవుట్‌లైన్ మ్యాపు మీద చుక్కలు ఎక్కడ పెట్టాలో బట్టీ పడతారు. రోజూ బస్సులో వంశధార వంతెన దాటి బడికి వెళ్లే పిల్లలు ఆ నది ఒడిశా కొండల్లో పుట్టి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుందని తెలియకుండానే బడి ముగిస్తున్నారు.

పాఠ్యపుస్తకాల సంగతి కూడా చెప్పాలి. 2024-25 నుంచి మన రాష్ట్రంలో పదో తరగతికీ ఎన్.సి.ఇ.ఆర్.టి. పాఠాలు వచ్చాయి. వాటిని తప్పు పట్టేవారిలో నేను లేను. అవి బాగా ఆలోచించి రాసిన పాఠాలు, పిల్లలు దేశాన్నీ ప్రపంచాన్నీ తెలుసుకోవలసిందే. కానీ దేశమంతటికీ కలిపి రాసిన పుస్తకంలో మన జిల్లా ఉండదు. ఆ లోటును పూడ్చవలసింది తరగతి గదిలో మాస్టారు చెప్పే మాట. ఆ మాట చెప్పడానికే పీరియడ్ లేకుండా చేస్తే ఇక మన పిల్లలకు మన సంగతులు ఎవరు చెబుతారు?

తొమ్మిదో తరగతిలో అడవుల గురించిన పాఠం ఉంది. ఆంగ్లేయుల అటవీ చట్టాల వల్ల బస్తర్ గిరిజనులు పడిన అగచాట్లు, 1910లో వారు చేసిన తిరుగుబాటు అందులో చదువుతారు. అడవి మీద అలాంటి హక్కు కోసమే మన మందస జమీందారీలో రైతులు పోరాడారు. అడవి నుంచి కట్టెలు తెచ్చుకున్నందుకు కేసులు పెట్టి, 1940లో అరెస్టులకు వచ్చిన పోలీసులను గుడారి రాజమణిపురంలో అడ్డుకున్న రైతు మహిళ గున్నమ్మ తుపాకీ గుండుకు బలయ్యారు. బస్తర్ పాఠం చెప్పిన నోటితోనే ఈ కథ చెప్పడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలతో చట్టం, అడవి, హక్కు అనేవి తన ఊరి సంగతులేనని ఒక సోంపేట పిల్లకో, పలాస పిల్లాడికో అర్థమవుతుంది. నాకు తెలిసిన పదో తరగతి పిల్లల్లో గున్నమ్మ పేరు విన్నవారు ఒక్కరూ లేరు.

పదో తరగతి పౌరశాస్త్రంలో అధికార భాగస్వామ్యం పాఠం సంగతి చూడండి. బెల్జియంలో డచ్చి, ఫ్రెంచి భాషల వారు ఎలా సర్దుకుపోయారో, శ్రీలంకలో 1956లో సింహళాన్ని ఏకైక అధికార భాషగా చేసినందువల్ల ఎంత చేటు జరిగిందో అందులో వివరంగా ఉంది. అంతకంటే దగ్గరి ఉదాహరణ మన ఇంటి ముందే ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మన సరిహద్దులోని పర్లాకిమిడి అటువైపు వెళ్లింది. ఆ ఊళ్లోనే ఉపాధ్యాయుడిగా పనిచేసి, గిరిజనుల సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు సమకూర్చిన గిడుగు రామమూర్తి గారు ఆ తర్వాత అక్కడ ఉండలేక వచ్చేశారు. ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా, బడిలో తెలుగు మాట్లాడే పిల్లలు నేటికీ ఉన్నారు, మన్యంలో సవర మాట్లాడే పిల్లలూ ఉన్నారు. ఆ పిల్లల ముందు నిలబడి బెల్జియం గురించి మాత్రమే చెప్పి ఊరుకుంటే ఆ పాఠం మార్కుల కోసమే మిగిలిపోతుంది.

సమాఖ్య వ్యవస్థ పాఠానికి వంశధార కంటే మంచి ఉదాహరణ ఏముంది? నేరడి బ్యారేజీ మీద ఒడిశాతో దశాబ్దాల వివాదం, 2010లో ట్రిబ్యునల్ ఏర్పాటు, 2017లో దాని తీర్పు, ఇవన్నీ ఈ పిల్లల తండ్రుల పొలాలకు నీరు వచ్చేదీ రానిదీ తేల్చే విషయాలు. పారిశ్రామికీకరణ పాఠంలో నేతగాళ్ల ప్రస్తావన వస్తుంది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి సన్నని నూలు వడికే పొందూరు మన జిల్లాలోనే ఉంది. ఒకసారి తీసుకెళ్లి చూపిస్తే ఆ పిల్లలు జీవితాంతం మరిచిపోరు.

సోషల్ చదివితే ఉద్యోగం రాదన్న మాట తల్లిదండ్రుల నోట కూడా వింటున్నాను. ప్రైవేటు బడుల్లో ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో సోషల్‌కు వారానికి ఒకటో రెండో పీరియడ్లు విదిలిస్తున్నా ఎవరూ అడగడం లేదు. ఇంటర్‌లో హెచ్‌ఈసీ (చరిత్ర, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం) గ్రూపు అంటే మరెక్కడా సీటు రానివారి గ్రూపుగా చూస్తున్నారు. ఇదే పిల్లలు డిగ్రీ అయ్యాక గ్రూప్-2 కోసం విశాఖలోనో హైదరాబాద్‌లోనో హాస్టల్ గదుల్లో ఉంటూ వేలకు వేలు కోచింగ్ ఫీజులు కట్టి చదివేది ఏమిటి? ఆంధ్రప్రదేశ్ చరిత్ర, భారత రాజ్యాంగం, ఆర్థిక వ్యవస్థ. పద్నాలుగేళ్ల వయసులో ఊళ్లో ఉచితంగా అందవలసిన చదువును పాతికేళ్ల వయసులో అప్పు చేసి కొనుక్కుంటున్నారు. ఉద్యోగాల మాట పక్కన పెట్టినా, వలసల మీద బతికే జిల్లా ఇది. 2018లో గుజరాత్ నుంచి చేపల వేటకు వెళ్లి పాకిస్తాన్ చెరలో చిక్కిన మత్స్యకారుల్లో ఎక్కువమంది 2020 జనవరిలో గాని ఇళ్లకు చేరలేదు. వారి పిల్లలు మన బడుల్లోనే చదువుతున్నారు. సముద్ర సరిహద్దు అంటే ఏమిటో, ఊళ్లో పని ఎందుకు దొరకదో అడిగే హక్కు వారికి ఉంది, జవాబు దొరకవలసిన పీరియడ్‌ను వారి నుంచి తీసేసుకుంటున్నాం.

ఉత్తీర్ణత శాతం ఒక్కటే కొలమానమైన నాటి నుంచి బడి నడిచే తీరు ఇలా మారింది. ఏ సబ్జెక్టులో ఎక్కువమంది తప్పుతున్నారో దానికి సమయం, తప్పని దానికి కోత! రాజ్యాంగం ఏం చెబుతుందో, పంచాయతీ నిధులు ఎలా వస్తాయో తెలియని పౌరులు తయారైతే ఆ నష్టం ఏ సమీక్షలో బయటపడుతుంది? ఈ విషయం మీద సంబంధిత కార్యాలయంలో విన్నవిస్తే, పైనుంచి వచ్చిన ఆదేశాలని చెప్పి పంపేశారు. ఆ పైన ఎవరున్నారో, వారి ఆదేశం కాగితం మీద ఉందో లేదో అడిగితే సమాధానం లేదు.

అసాధ్యమైనవేవీ నేను కోరడం లేదు. టైంటేబుల్లో సోషల్ అని రాసిన పీరియడ్‌లో సోషల్ మాత్రమే జరగాలి. అదనపు తరగతులు అవసరమైతే బడి వేళలకు ముందో తర్వాతో పెట్టుకోవచ్చు. జిల్లాలో అనుభవజ్ఞులైన సోషల్ ఉపాధ్యాయులు ఎందరో ఉన్నారు, వారిని కూర్చోబెట్టి ఏ పాఠానికి మన ప్రాంతపు ఏ సంగతి జోడించాలో చిన్న పుస్తకంగా రాయించి ప్రతి ఉన్నత పాఠశాలకూ పంపాలి. ఏడాదికి ఒక్కసారైనా పిల్లలను శాలిహుండం కొండ ఎక్కించి బౌద్ధ స్తూపాలను, ముఖలింగం తీసుకెళ్లి గాంగుల నాటి గుడిని చూపించాలి. అన్నిటికంటే ముందు, వచ్చే సమీక్షలో ప్రతి ఉన్నత పాఠశాల నుంచీ ఈ ఏడాది జరగవలసిన సోషల్ పీరియడ్లెన్ని, జరిగినవెన్ని అని లెక్క అడగాలి. ఆ వివరాలను సేకరించి జిల్లా పేజీలో బడి వారీగా ప్రచురించవలసిందిగా మీ పత్రికను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా.