డల్లాస్ అంటే క్రికెట్ లీగేనా?

సంపాదకులకు,

డల్లాస్ నుంచి మీరు వేసే వార్తల్లో మన సంఘాల సభలు, క్రికెట్ లీగులే కనిపిస్తాయి. ఇక్కడ 1993 నుంచి డల్లాస్ స్టార్స్ అనే ప్రొఫెషనల్ ఐస్ హాకీ జట్టు ఉంది. దాని ఊసే ఉండదు.

నిజానికి అది ఇక్కడ పుట్టిన జట్టు కాదు. 1967లో మినెసోటాలో నార్త్ స్టార్స్ పేరుతో మొదలైంది. యజమాని నార్మ్ గ్రీన్ దాన్ని టెక్సాస్‌కు తరలించినప్పుడు అక్కడి అభిమానులు తిట్టిపోశారు. తిట్టరా మరి! చెరువులు గడ్డకట్టే చోటి నుంచి ఎండలు మండే ఊరికి పట్టుకొచ్చేశాడు.

1999 ఫైనల్ గురించైతే ఇప్పటికీ గొడవే. బఫెలో సేబర్స్‌తో ఆరో మ్యాచ్, మూడో ఓవర్‌టైమ్. బ్రెట్ హల్ గోల్ కొట్టాడు, లీగు విజేతకిచ్చే స్టాన్లీ కప్పు డల్లాస్‌కు వచ్చింది. కానీ గోల్ ముందు నీలం రంగు వేసిన చోట హల్ స్కేటు ఒకటి అప్పటికే ఉంది. పక్ (ఆటలో బంతిలా వాడే రబ్బరు బిళ్ల) కంటే ముందు అందులో కాలు పెట్టకూడదన్నది అప్పటి రూల్. పక్ అతని అదుపులోనే ఉంది కాబట్టి గోల్ చెల్లుతుందన్నారు అధికారులు. నేను స్టార్స్ పక్షమే, అయినా బఫెలోవాళ్ల కోపంలో న్యాయం ఉందనిపిస్తుంది. తర్వాత ఆ రూలే ఎత్తేశారు. 2000, 2020 ఫైనల్స్‌లో మావాళ్లు ఓడారు.

ఈ జట్టు ప్రాక్టీసు చేసేది ఫ్రిస్కోలో, అంటే మన తెలుగు కుటుంబాల మధ్యే. సీజన్‌లో కనీసం ఓ మూలనైనా స్కోరు వేయండి.

– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సాస్