రాజీ మాట వస్తే ఆ రోజే చెప్పు

అమ్మలూ,

అవతలివాళ్లు రాజీకి వస్తే ఆ సంగతి మన క్లయింటుకి చెప్పి తీరాలా అని నువ్వు ఫోన్‌లో అడిగినదానికి సగమే చెప్పాను. మిగతాది రాస్తున్నాను, దగ్గర పెట్టుకో.

నీ క్లయింటు ఆస్తి కేసుని 12 లక్షలకి తెంపుకుందామని అవతలి వకీలు అన్నాడు. మీ సీనియర్‌గారేమో, అంత తక్కువకి ఆవిడ ఎలాగూ ఒప్పుకోదు, చెప్పి టెన్షన్ పెట్టడమెందుకు అన్నారు. ఆవిడ మంచి కోరే అని ఉంటారు. అయినా చెప్పాలి తల్లీ. ఆస్తి ఆవిడది, వాయిదాల చుట్టూ తిరిగే ఏళ్లూ ఆవిడవే. మనకి తక్కువనిపించిన డబ్బే, ఇంట్లో పెళ్లో ఆపరేషనో ఉన్న మనిషికి ఈ నెల చేతికొస్తే చాలనిపించవచ్చు. ఆ సంగతి మన ఫైల్లో ఉండదు, ఆవిడకే తెలుసు.

అమెరికన్ బార్ అసోసియేషన్ (అక్కడి వకీళ్ల సంఘం) రాసిన నమూనా నియమాల్లో ఇది సూటిగా ఉంది: రాజీ పడాలా వద్దా అన్నది క్లయింటు ఇష్టం. అవతలివాళ్ల నుంచి ప్రతిపాదన వస్తే వెంటనే తెలపాలని వాటి వివరణ చెబుతుంది. మన బార్ కౌన్సిల్ నియమాల్లో అంత విడమరిచి రాయలేదు గానీ, 2015లో హిమాలయన్ కోఆపరేటివ్ గ్రూప్ హౌసింగ్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది చదువు. క్లయింటు హక్కుని వదులుకునే మాటేదైనా వకీలు ఇవ్వాలంటే ముందు క్లయింటు అనుమతి తీసుకోవాలి. 1991 నాటి బైరామ్ పెస్టన్‌జీ సుప్రీంకోర్టు తీర్పు చూపించి, వకాలత్ (కేసు నడపమని క్లయింటు రాసిచ్చే అధికార పత్రం) ఉంటే రాజీ మీద వకీలే సంతకం పెట్టొచ్చు అనేవాళ్లు నీకు తగులుతారు. నిజమే, ఆ తీర్పు అలా అంది. అత్యవసరమైతే తప్ప ఆ అధికారం వాడకపోవడమే వివేకమని కూడా అదే తీర్పు అంది. వకాలత్‌నామా ఫారంలో రాజీకి అధికారం ఇస్తున్నామన్న ముక్క అచ్చేసే ఉంటుంది. దాన్ని చదివి సంతకం పెట్టేవాళ్లు ఎంతమంది?

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. రాజీ డిక్రీ (రాజీ ప్రకారం కోర్టు ఇచ్చే తీర్పు) ఒకసారి పడిందంటే వెనక్కి తీసుకోవడం దాదాపు కుదరదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 96(3) ప్రకారం దానిమీద అప్పీలు లేదు. అదే కోడ్ ఆర్డర్ 23 రూల్ 3ఎ ప్రకారం ఆ రాజీ చెల్లదని వేరే దావా వెయ్యలేరు. రాజీని నమోదు చేసిన కోర్టుకే పోయి మొరపెట్టుకోవాలి. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరి ఇచ్చే అవార్డయితే లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం సెక్షన్ 21 కింద అదే ఆఖరు. లోక్ అదాలత్ రోజు హాలంతా హడావిడిగా ఉంటుంది, అందరికీ కేసుల లెక్క పెంచాలనే ఉంటుంది, పార్టీ చేతిలో పెన్ను పెట్టేసి "ఇక్కడ పెట్టమ్మా" అంటారు. నువ్వు మాత్రం ఆ తొందరలో పడకు. ఆవిడని పక్కకి తీసుకెళ్లి కాగితం మొత్తం తెలుగులో చెప్పు. సంతకం తర్వాత.

చెప్పే పద్ధతి కూడా నేర్చుకోవాలి. ముందు అవతలివాళ్లు ఏమన్నారో ఉన్నదున్నట్టు: ఎంత, ఎప్పుడు, ఒకేసారా వాయిదాల్లోనా, ఏం వదులుకోమంటున్నారు. తర్వాత కేసు నడిపితే ఏమవుతుందో: మన సాక్ష్యంలో బలహీనత ఎక్కడుంది, గెలిచినా వాళ్లు పైకోర్టుకి పోతే ఎంత కాలం పడుతుంది. నీ అభిప్రాయం ఆఖరున చెప్పు, అది నీ అభిప్రాయమేనని తెలిసేలా చెప్పు. మొదటే "ఇది దండగ" అన్నావంటే ఆవిడ ఇంకేమీ వినదు. ఆవిడ వద్దన్నా సరే, ఫలానా రోజు ఫలానా మొత్తం చెప్పాను, వద్దన్నారు అని రాసి సంతకం తీసుకుని ఫైల్లో పెట్టు.

మాట్లాడేది ఆవిడతోనే. అల్లుడు ఫోన్ చేసి "అత్తయ్య తరఫున నేను చెప్తున్నా కదా మేడమ్" అంటాడు. ఆవిడ రాసిచ్చిన జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఉంటే సరే, లేకపోతే ఆ మాట చెల్లదు. క్లయింటో, ఆమె అధికారమిచ్చిన ఏజెంటో తప్ప ఇంకెవరి మాట మీదా నడవకూడదని బార్ కౌన్సిల్ 19వ నియమం. అలాగే అవతలి పార్టీ వరండాలో నిన్ను ఆపి నేరుగా బేరమాడబోతే, మీ వకీలుగారితో చెప్పించండి అని నడిచిపో. అది 34వ నియమం.

డబ్బు సంగతి నన్ను ఎక్కువ బాధపెడుతుంది. యాక్సిడెంట్ కేసుల్లో వచ్చే పరిహారంలో ఇంత శాతం ఫీజని మాట్లాడుకునేవాళ్లు ఉన్నారు. బార్ కౌన్సిల్ 20వ నియమం దాన్ని నిషేధించింది, అందులో ఎంతో న్యాయముంది. వచ్చేదాంట్లో మనకీ వాటా ఉంటే, "తీసేసుకోమ్మా" అని మనం ఇచ్చే సలహా ఎవరి కోసమో మనకే తెలియదు. భర్త పోయిన మనిషి మన మొహం చూసి సంతకం పెడుతుంది. ఆవిడ పేరున వచ్చిన సొమ్ము మన చేతికి అందితే వీలైనంత త్వరగా ఆవిడకి తెలపాలి, లెక్క చూపాలి.

పార్టిషన్ (ఆస్తి పంపకాల) దావాల్లో మైనర్లుంటే ఇంకా జాగ్రత్త. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 32 రూల్ 7 కింద కోర్టు అనుమతి లేనిదే గార్డియన్ రాజీ పడలేరు. ఆ పిటిషన్‌తో పాటు, ఈ రాజీ మైనరుకి మేలే అని పిల్లల తరఫు వకీలు సర్టిఫికెట్ ఇవ్వాలి. నీ ముందు టైప్ చేసిన కాగితం పెట్టి సంతకం అడుగుతారు. షెడ్యూల్ (ఆస్తుల జాబితా) తెరిచి, పిల్లల వాటాకి ఏ సర్వే నంబరు వచ్చిందో, దానికి దారి ఉందో లేదో చూడకుండా పెట్టకు.

మీ సీనియర్‌గారితో గొడవ పడొద్దు. "సార్, నేనే ఫోన్ చేసి చెప్పి, ఆవిడ ఏమన్నారో నోట్ రాసి పెడతాను" అను. కాదనరు. అన్నా సరే, నాకు ఫోన్ చెయ్యి.

మీ నాన్న