మా ఇళ్ల మీద మీ విమానాల చక్కర్ల గురించి మూడో ఉత్తరం

ఫ్లయింగ్ స్కూల్ యాజమాన్యం వారికి,

విషయం: శిక్షణ విమానాల టచ్ అండ్ గో చక్కర్లు, రాత్రి వేళలు, సీసం కలిసిన ఇంధనం

నమస్కారం.

ఇంతకు ముందు మీకు రెండు ఉత్తరాలు ఇంగ్లీషులో రాశాను. రెండింటికీ ఒకటే జవాబు వచ్చింది, కామా కూడా మారలేదు. మీ విమానాలన్నీ ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధనల ప్రకారమే ఎగురుతున్నాయట, విమానాశ్రయం మా ఇళ్లకంటే ముందు నుంచీ ఉందట. అందుకే ఈసారి తెలుగులో రాస్తున్నాను. మొన్న ఉగాది వేడుకలో మీ స్టాల్ దగ్గర మీరే నిలబడి, మన పిల్లల్ని పైలట్లని చేస్తామంటూ తెలుగు కరపత్రం నా చేతిలో పెట్టారు. తెలుగు ఉత్తరమైతే ఆఫీసులో ఎవరో పాత జవాబే అతికించి పంపకుండా, మీ బల్ల మీదికే వస్తుందని ఆశ.

డెన్వర్‌కి ఉత్తరాన, మీ రన్‌వే తూర్పు చివర నుంచి మైలున్నర దూరంలో మా ఇల్లు. ఎకరం స్థలం, పక్కన గుర్రాలు పెంచే ఒక పెద్దాయన, అవతల మొక్కజొన్న చేలు. పదకొండేళ్ల క్రితం కొన్నప్పుడు విమానాశ్రయం ఉందని తెలిసే కొన్నాం. అప్పుడు అక్కడ పొలాలకి మందు కొట్టే విమానం ఒకటి, వారాంతాల్లో సరదాకి ఎగిరే నలుగురైదుగురు, ఎప్పుడైనా అంబులెన్స్ హెలికాప్టరు. విమానం కనిపిస్తే మా పిల్లలు పెరట్లోకి పరిగెత్తి చేతులు ఊపేవాళ్లు. అందుకని 'విమానాశ్రయం ముందు నుంచీ ఉంది' అనే మాట నాకు చెప్పకండి. విమానాశ్రయం ముందు నుంచీ ఉంది, మీరు లేరు. మీరు వచ్చి మూడేళ్లు. ఊరి చివర చెరువు ఉందని తెలిసి ఇల్లు కట్టుకున్నవాడిని, చెరువు గట్టున రైసు మిల్లు పెట్టినవాడు వచ్చి 'నీకు ముందే తెలుసు కదా' అన్నట్టుంది.

మీ కరపత్రం చదివే తల్లిదండ్రులకి టచ్ అండ్ గో అంటే ఏంటో తెలియకపోవచ్చు. మాకు బాగా తెలుసు. విమానం దిగుతుంది, చక్రాలు నేలని తాకుతాయి, ఆగకుండా పూర్తి పవర్ ఇచ్చి మళ్లీ లేస్తుంది, భూమికి సుమారు 1000 అడుగుల ఎత్తున రన్‌వే చుట్టూ దీర్ఘచతురస్రంలా తిరిగి మళ్లీ దిగుతుంది. ఒక్కో చక్కరుకి ఆరు నిమిషాలు. మూడు విమానాలు వరసలో ఉంటే రెండు నిమిషాలకి ఒకటి మా ఇంటి మీద. అసలు మోత ఆ లేచేటప్పుడే. పైగా మనం ఉన్నది సముద్ర మట్టానికి 5000 అడుగుల ఎత్తున. ఎండాకాలం మధ్యాహ్నం ఇక్కడి పల్చటి గాలిలో మీ చిన్న సెస్నా విమానాలు పైకి లేవడానికి ఆయాసపడతాయి, ఎక్కాల్సిన ఎత్తు త్వరగా ఎక్కలేవు. అంటే మా కప్పు మీద ఇంకా కిందగా, ఇంకా ఎక్కువసేపు. ఇది మీ ఇన్‌స్ట్రక్టర్లు మొదటి వారమే చెప్పే పాఠం, మీకు నేను చెప్పాలా?

జూన్ 14 శనివారం ఉదయం 9:10 నుంచి 11:40 దాకా కాగితం పెన్సిలు పట్టుకుని వరండాలో కూర్చున్నాను. 47 సార్లు. ఆ రోజు మా అమ్మకి ఫోన్లో అన్నయ్యతో మాట్లాడే రోజు. ప్రతి రెండు వాక్యాలకీ 'ఉండు నాన్నా, పోనీ' అని ఆగి, విమానం పోయాక మళ్లీ మొదలుపెట్టింది. ఆర్నెల్లు ఉందామని గుంటూరు నుంచి వచ్చిన మనిషి నాలుగో నెలకే టికెట్ ముందుకి జరపమంటోంది. రాత్రి పదిన్నరకి కూడా మీ విమానం తిరుగుతుంటే ఆవిడ అన్న మాట యథాతథంగా రాస్తున్నాను: 'మన ఊళ్లో పెళ్లి మైకు సెట్టువాడైనా రాత్రి పదింటికి ఆపేస్తాడు కదరా.' మీకు పంపిన మొదటి రెండు ఉత్తరాల్లో ఈ మాటని ఇంగ్లీషులో పెట్టలేకపోయాను.

మేం చేయగలిగినవన్నీ చేశాం. 60 ఇళ్ల వాళ్లం లైబ్రరీ గదిలో కూర్చుని పిటిషన్ రాశాం, టౌన్ కౌన్సిల్‌లో ఒక్కొక్కరం మూడేసి నిమిషాలు మాట్లాడాం. చివరికి టౌన్ లాయరు చెప్పింది ఒక్కటే: విమానాశ్రయానికి ఫెడరల్ గ్రాంటు తీసుకున్నారు, ఆ షరతులు ఇరవై ఏళ్లు ఉంటాయి, ఎవరినీ ఇష్టం వచ్చినట్టు ఆపడానికి వీల్లేదు.

నేను నమ్మక స్వయంగా చదివాను. రెండు నెలలు నిద్ర పట్టని రాత్రులన్నీ అందుకే పనికొచ్చాయి, థాంక్యూ. న్యూయార్క్ రాష్ట్రంలో లాంగ్ ఐలండ్ చివరనున్న ఈస్ట్ హాంప్టన్ టౌను 2015లో రాత్రి 11 నుంచి ఉదయం 7 దాకా విమానాలు వద్దని, ఎక్కువ మోత చేసేవాటికి ఇంకా కఠినమైన వేళలని రూలు పెట్టింది. 1990 నాటి ఫెడరల్ చట్టం చెప్పిన పద్ధతి పాటించలేదని 2016 నవంబరులో అప్పీల్ కోర్టు కొట్టేసింది. 2021లో గ్రాంటు షరతులు ముగిశాక, విమానాశ్రయాన్ని మూసేసి అనుమతి ఉన్నవాళ్లకే తెరుద్దామని 2022లో చూశారు, రాష్ట్ర కోర్టు ఆపేసింది. అది కోటీశ్వరులుండే ఊరు, లాయర్లకి కొదవ లేదు. మనకి దగ్గర్లోనే లాంగ్‌మాంట్‌లో, స్కైడైవింగ్ విమానాల మోత మీద జనం 2013లో కోర్టుకెక్కి 2015లో ఓడిపోయారు. గెలిచిన ఊరు నాకు కనిపించింది ఒక్కటే, ఫ్లోరిడాలోని నేపుల్స్. చెవులు చిల్లులుపడే పాతకాలపు స్టేజ్ 2 జెట్‌లని నిషేధించి, ఎఫ్‌ఏఏతో ఏళ్ల తరబడి పోరాడి 2005లో కోర్టులో నెగ్గింది. ఆ దారి మీ సెస్నాలకి వర్తించదని నాకూ తెలుసు.

ఎఫ్‌ఏఏ నిబంధనల సంగతి కూడా చూశాను. ఇళ్లు దగ్గరదగ్గరగా ఉన్నచోట కనీసం 1000 అడుగుల ఎత్తు ఉండాలని ఉంది. ఆ వాక్యం మొదట్లోనే, టేకాఫ్‌కి, ల్యాండింగ్‌కి అవసరమైనప్పుడు తప్ప అని ఉంది. మీ చక్కర్లు ఆ మినహాయింపు చాటున సాగుతున్నాయి. కాబట్టి మీరు రూలు తప్పారని నేను ఎక్కడా అనడం లేదు. మీకు అడ్డొచ్చే రూలే లేదు, అంతే తేడా. టౌనుకి అధికారం లేదు, ఎఫ్‌ఏఏకి ఆసక్తి లేదు. రేపు ఉదయం ఆరింటికి ఎన్ని విమానాలు తియ్యాలో నిర్ణయించేది మీ షెడ్యూల్ రాసే మనిషి ఒక్కరే. అందుకే కోర్టుకి కాకుండా మీకు రాస్తున్నాను. కంపెనీ తనంతట తాను వేళలు తగ్గించుకుంటే ఏ ఫెడరల్ చట్టమూ అడ్డం రాదు.

ఇంత రద్దీ ఎందుకొచ్చిందో కూడా అర్థం చేసుకునే ప్రయత్నం చేశాను. 2009లో బఫెలో దగ్గర 50 మంది చనిపోయిన ప్రమాదం తర్వాత, ఎయిర్‌లైన్‌లో చేరాలంటే సాధారణంగా 1500 గంటలు ఎగిరి ఉండాలని రూలు వచ్చింది. లైసెన్సు వచ్చిన కుర్రాడు ఆ గంటలు నింపుకోవాలంటే ఇన్‌స్ట్రక్టరుగా చేరడమే చవకైన దారి. మన పిల్లలకి ఇండియా కమర్షియల్ లైసెన్సుకి 200 గంటలు కావాలి. నేర్చుకునేవాడికీ గంటలే కావాలి, నేర్పేవాడికీ గంటలే కావాలి, మీకు గంటకింత బిల్లు. ఆ గంటలన్నీ మా ఇంటి మీదే ఎందుకు గడవాలి? గంటలు నిండటానికి చక్కర్లే కొట్టక్కర్లేదు కదా. ముప్ఫై నలభై మైళ్లు తూర్పుకి పోతే జనం పల్చగా ఉన్న మైదానాల్లో రన్‌వేలున్నాయి. అక్కడిదాకా వెళ్లి నాలుగు ల్యాండింగులు ఇక్కడ, నాలుగు అక్కడ చేసి వస్తే విద్యార్థికి కొత్త రన్‌వే కూడా అలవాటవుతుంది. ఖర్చు కొంచెం పెరుగుతుంది, ఒప్పుకుంటాను.

రాత్రి శిక్షణ గురించి మాత్రం మీకు ఏ సాకూ లేదు. ఎఫ్‌ఏఏ ప్రైవేట్ లైసెన్సుకి రాత్రిపూట కావాల్సిన ల్యాండింగులు పది, అవి కూడా పూర్తిగా ఆగి చేసేవి. జూన్‌లో ఇక్కడ సూర్యుడు ఎనిమిదిన్నరకి గాని దిగడు, మీ చీకటి పాఠం మొదలయ్యేసరికి మా పిల్లలు నిద్రపోయే వేళ దాటుతుంది. డిసెంబరులో నాలుగున్నర దాటగానే సూర్యాస్తమయం. రాత్రి ల్యాండింగులన్నీ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పెట్టుకుంటే రాత్రి ఏడున్నరకల్లా అయిపోతాయి. మీ ఇన్‌స్ట్రక్టర్లు కూడా ఇంటికెళ్లి వేడిగా అన్నం తినొచ్చు. క్యాలెండర్ మార్చడానికి పైసా ఖర్చు లేదు.

ఇక సీసం. అమెరికాలో కార్లకి సీసం పెట్రోలు 1996 నుంచి లేదు, ఇండియాలో కూడా 2000లో ఆగిపోయింది. మీ పిస్టన్ ఇంజన్లు ఇప్పటికీ 100ఎల్ఎల్ అనే సీసం కలిసిన ఇంధనమే తాగుతున్నాయి, గాలన్‌లో రెండు గ్రాముల వరకూ ఉండొచ్చు. ఆ సీసం వల్ల వచ్చే వాయు కాలుష్యం ప్రజారోగ్యానికి ప్రమాదమని ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ 2023 అక్టోబరులో అధికారికంగా తేల్చింది. కాలిఫోర్నియాలో శాంటా క్లారా కౌంటీ తన రెండు విమానాశ్రయాల్లో 2022 జనవరి 1 నుంచే అమ్మకం ఆపేసింది. మా పెరటి గోంగూరలో మీ సీసం ఉందని నేను అనడం లేదు, పరీక్ష చేయించలేదు. కొత్త ఇంధనంతో ఇబ్బందులున్నాయని కూడా తెలుసు. నార్త్ డకోటా యూనివర్సిటీ 2023లో సీసం లేనిదానికి మారి, ఇంజన్ వాల్వ్‌ల అరుగుదల చూసి అదే ఏడాది వెనక్కొచ్చింది. కానీ కొలరాడో 2024లో చట్టం చేసి, మారేవాళ్లకి పన్ను రాయితీ కూడా పెట్టింది. మీ విమానాల్లో ఏవి మారగలవో మెకానిక్‌తో చూపించారా లేదా? ఈ ప్రశ్న మొదటి ఉత్తరంలోనూ అడిగాను.

మా వాళ్లలో కొందరు విమానాశ్రయమే మూసేయాలంటున్నారు. నేను ఆ పక్షం కాదు. అడవులు అంటుకున్నప్పుడు నీళ్లు, మందు చల్లే చిన్న విమానాలకి ఇలాంటి రన్‌వేలే దిక్కు, అంబులెన్స్ హెలికాప్టర్లకీ అంతే. మీరు మొండికేస్తే మాత్రం ఆ మూసేయమనేవాళ్ల సంఖ్య పెరుగుతుంది, మొన్నటి మీటింగ్‌లో అప్పుడే పెరిగింది.

మేం అడిగేది ఇదీ. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా రాత్రి ఎనిమిదిన్నర తర్వాత, ఆదివారం మధ్యాహ్నం దాకా టచ్ అండ్ గో వద్దు. ఒకేసారి చక్కర్లలో మీ విమానాలు రెండుకి మించొద్దు. మిగతా ల్యాండింగులు వేరే రన్‌వేల మధ్య పంచండి. ఇంధనం గురించి తారీకుతో సహా కాగితం మీద రాసివ్వండి. మాతో మాట్లాడటానికి పేరున్న మనిషిని ఒకరిని పెట్టండి, వాయిస్ మెయిల్ కాదు. ఆదివారం అడ్డు తగిలితే శనివారం ఇవ్వండి, బేరానికి సిద్ధమే. రాత్రి వేళల దగ్గర మాత్రం బేరం లేదు.

ఇంకో సంగతి. మా బావమరిది కొడుకు హైదరాబాద్‌లో ఎంపీసీ అయింది, పైలట్ అవుతానని ఒకటే గొడవ. మీ కరపత్రం ఫొటో వాట్సాప్‌లో వాడే నాకు పంపి, 'మామయ్యా, ఈ స్కూల్ మీ ఇంటి పక్కనేనట కదా, ఎలా ఉంటుంది?' అని అడిగాడు. వారమైంది, ఇంకా జవాబివ్వలేదు. పాఠాలు బాగా చెబుతారని విన్నాను, అది అబద్ధం చెప్పలేను. పొరుగువాళ్లతో ఎలా ఉంటారంటే ఏం రాయాలో తేలడం లేదు.

వచ్చే నెల మొదటి మంగళవారం సాయంత్రం ఏడింటికి విమానాశ్రయ సలహా బోర్డు మీటింగ్ ఉంది. మీ తరఫున లాయరు కాకుండా మీరే రండి. ఈలోగా రాతపూర్వకంగా జవాబిస్తే దాన్నే అక్కడ చదువుతాను, ఇవ్వకపోతే ఈ ఉత్తరాన్ని ఇంగ్లీషు చేయించి చదువుతాను.

ఇట్లు,
మీ రన్‌వే తూర్పు చివర ఇంటివాడు

జతపరిచినవి: జూన్, జూలై నెలల్లో మేం రాసుకున్న వేళల పట్టిక; 60 ఇళ్ల సంతకాల నకలు; మీరు పంపిన రెండు జవాబులు (రెండూ ఒకటే కాబట్టి ఒక ప్రతి).